చదవలేని నోటీసుకు సమ్మతి ఎలా?

వెబ్‌సైట్‌లో ‘ప్రైవసీ పాలసీ’ అన్న మాట కనబడితే చాలు, మన వివరాలు ఇంకెవరికీ ఇవ్వరని ఎక్కువమంది నమ్ముతారు. అమెరికాలో 2003లో జరిపిన సర్వేలో ఈ సంగతి బయటపెట్టిన మీడియా పరిశోధకుడు జోసెఫ్ టురో. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా ఆయన దశాబ్దాలపాటు ప్రకటనల రంగాన్నీ, ప్రజల వ్యక్తిగత సమాచారం అందులో సరుకుగా మారిన తీరునూ అధ్యయనం చేశారు. డిస్కౌంట్ కోసం జనం తమ వివరాలు ఇష్టంగానే ఇస్తున్నారని కంపెనీలు చెప్పుకునే మాటను ఆయన బృందం 2015లో పరీక్షకు పెట్టింది. తమ సమాచారం తమ అదుపులోనే ఉండాలని కోరుకుంటూనే, అది ఎప్పుడో చేయిదాటిపోయిందని సగానికి పైగా జనం అనుకుంటున్నట్టు తేలింది. ఇక చేసేదేం లేదని ఊరుకోవడాన్ని కంపెనీలు ఒప్పుకోలు కింద జమ కట్టుకుంటున్నాయి.

అక్షరాస్యత నిండుగా ఉన్న దేశంలోనే పరిస్థితి అది. ఒడిశాలో తెలుగువాళ్లుండే మన బరంపురం, పర్లాకిమిడి, రాయగడ సంగతేమిటి? కొత్త ఫోన్ కొన్న నేతకార్మికుడి ఇల్లాలికి కొట్టు కుర్రాడే యాప్‌లు వేసి ఇస్తాడు. కాంటాక్టులు, లొకేషన్, కెమెరా, మైక్ అంటూ వరసగా వచ్చే ప్రశ్నలన్నిటికీ ‘అలౌ’ అని అతనే నొక్కేస్తాడు. ఏ వివరాలు ఎందుకు తీసుకుంటారో చెప్పి సమ్మతి అడిగే నోటీసు ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఆమె ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది ఒడియా. సూరత్ మగ్గాల దగ్గరున్న కొడుకు పంపే డబ్బు అందుకోవడానికి తీసుకున్న ఫోన్‌లో కొద్దిరోజులకే ‘ఐదు నిమిషాల్లో లోన్’ ప్రకటనలు మొదలవుతాయి.

పేజీ తెరుచుకునే లోపే, కంటి రెప్పపాటులో, దాన్ని చూసే మనిషి కోసం ప్రకటనదారుల మధ్య వేలం జరుగుతుంది. ఎక్కడ ఉన్నారు, ఏం వెతికారు అన్నదాన్ని బట్టి ధర పలుకుతుంది. ఈ ఏర్పాటు మనుషులను పనికొచ్చేవాళ్లుగా, పనికిరానివాళ్లుగా విడదీస్తుందని టురో హెచ్చరించారు. ఒకరికి మంచి ఆఫర్, ఇంకొకరికి అప్పు ఎర. ఎవరికి ఏది ఎందుకు చూపించారో ఇద్దరికీ తెలియదు. మా పత్రిక కూడా ప్రకటనల ఆదాయంతోనే నడుస్తోంది. అయితే మేం వేసే పట్టుచీరల ప్రకటన పేపరు కొన్నవాళ్లందరికీ ఒకటే. అందులో అబద్ధముంటే పదిమందీ చూస్తారు, నిలదీస్తారు.

గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చింది. లోన్ యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, కాల్ వివరాల జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే ఆదేశించింది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలను గురిపెట్టి ప్రకటనలు చూపడాన్ని అది నిషేధిస్తోంది. చట్టాన్ని ఉల్లంఘిస్తే, తప్పును బట్టి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. మన సరిహద్దు జిల్లాలకు అన్నిటికన్నా విలువైన అంశం ఇంకొకటి: సమ్మతి కోరే నోటీసును ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలో గానీ చూసుకునే వీలు కల్పించాలి. ఒడిశాలో ఉన్నా తెలుగులో అడిగే హక్కు మనకుంది.

కానీ ఇక్కడ తెలుగు మాట్లాడే పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు. నోటీసును రాసి చూపిస్తే సరిపోదు, చదివి వినిపించాలి. అదీ లాయరు తెలుగులో కాకుండా వాడుక తెలుగులో ఉండాలి. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పనిచేసింది ఈ పర్లాకిమిడిలోనే. సవర నేర్చుకుని ఆ భాషకు నిఘంటువు కూర్చిందీ ఆయనే. ఆ సవర ఇవాళ్టికీ ఎనిమిదో షెడ్యూల్‌లో లేదు. కుయి, కువి కూడా లేవు. అంటే గజపతి, రాయగడ కొండల్లోని గిరిజనులకు సొంత భాషలో నోటీసు అడిగే హక్కు ఈ చట్టం ఇవ్వలేదు. ఇది మాకు చాలా బాధ కలిగిస్తున్న లోటు.

చట్టం నియమాలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతల అమలుకు కంపెనీలకు 18 నెలల గడువిచ్చారు. ఆ గడువు తీరేలోగా షెడ్యూల్‌లో లేని భాషలకూ వినిపించే నోటీసు తప్పనిసరి చేస్తూ కేంద్రం నియమాలను సవరించాలి. ఒడిశా ప్రభుత్వం జనసేవా కేంద్రాల సిబ్బందికి శిక్షణ ఇచ్చి, ఏ యాప్ ఏం అడుగుతోందో ఒడియాలో, తెలుగులో, సవరలో చెప్పించాలి. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కును కూడా చట్టం ఇచ్చింది. అది ఎలా తీసుకోవాలో ఆ కేంద్రాల్లోనే నేర్పించాలి.