ముష్కగోణి గారికి మే నెల విన్నపం

గౌరవనీయులైన ముష్కగోణి గారికి,

హైదరాబాదు నుంచి నమస్కరించి వ్రాయునది. పదో తరగతిలో మీ పాఠం వచ్చిన రోజున మా మాస్టారు "ఇది ఇంటి దగ్గర మీరే చదువుకోండి" అని కిటికీ వైపు తిరిగిపోయారు. కనుక మన పరిచయం ఆలస్యమైన తప్పు నాది కాదు. పేరును బట్టి మిమ్మల్ని గోణెసంచి అనుకున్నాను, తీరా చదివితే వృషణాలు ఉండే తోలుసంచి, వాటి శీతల గిడ్డంగి అని తేలింది.

ఒంట్లోని 37 డిగ్రీల వేడిలో వీర్యకణాలు సరిగా తయారు కావని, రెండు మూడు డిగ్రీలు తగ్గాలని మీరు వేరు కాపురం పెట్టారు. పిండదశలో మూత్రపిండాల దగ్గర పుట్టిన ముష్కాలను, అదే వృషణాలను, గజ్జల దారిన కిందికి దింపారు. ఆ దారి సరిగా పూడకపోతే వచ్చే హెర్నియా ఖర్చు మాత్రం మాకు వదిలేశారు. పాపం వీర్యకణాలను మోసే శుక్రవాహిక, దగ్గరలోనే ఉన్న ప్రసేకాన్ని (మూత్రం, వీర్యం బయటికి వచ్చే గొట్టాన్ని) చేరడానికి పైకెక్కి, మూత్రపిండం నుంచి దిగే మూత్రనాళం మీదుగా చుట్టి రావాలి. మెహిదీపట్నంలో ఎక్కించుకుని లక్డీకాపూల్‌కు సికింద్రాబాదు మీదుగా తీసుకుపోయే ఆటోలా.

బయట చల్లగా ఉంటుందన్న లెక్క ఏ ఊళ్లో వేశారో గానీ, ఇక్కడ ఎండ ముదిరితే 42 డిగ్రీలు. బక్రీదు ముందు మా గల్లీలో కట్టేసిన పొట్టేలును చూశాను: దాని గోణి బాగా సాగి కిందికి వేలాడుతోంది, అది రొప్పుతోంది. (పొట్టేలుకు ఆ ఒక్కచోట వేడి తగిలించినా రొప్పు మొదలవుతుందని ప్రయోగాల్లో తేలింది.) యజమాని బకెట్ నీళ్లు కుమ్మరించాడో లేదో, గోణి ముడతలు పడి కడుపు వైపు ముడుచుకుంది. లోపల సిరలు ధమనిని అల్లుకుని, దిగివచ్చే రక్తపు వేడిని లాగేసుకుంటాయట. ఈ పనితనానికి నా అభ్యంతరం లేదు.

అభ్యంతరమల్లా జూపార్కు ఏనుగు గురించి. దాని ముష్కాలు ఎక్కడికీ దిగవు, పుట్టినచోటే, మూత్రపిండాల దగ్గరే ఉంటాయి. గున్నలు పుట్టక మానలేదు. తిమింగలానికీ బయట గోణి లేదు. మీకే ఎందుకీ వేరింటి సోకు?

పైగా వీర్యకణం తయారీకి సుమారు 70 రోజులు పడుతుంది కాబట్టి, ఇవాళ జ్వరానికో ఎండకో మీరు వేడెక్కిన సంగతి వారాల తరువాత గాని బయటపడదు. ఆలోగా పిల్లలు కలగలేదని ఇంట్లో కోడలికి మూడు స్కానింగులు, ఒక తాయెత్తు అయిపోతాయి. కొడుకును పరీక్షకు పంపుదామన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు.

జవాబు వానలు పడ్డాక ఇచ్చినా సరే.

ఇట్లు,
కాలే బైకు సీటు మీద మిమ్మల్ని మోస్తున్నవాడు