కుక్కర్ మీద పరిశోధన కొనసాగుతోంది

బెంగళూరు తెలుగువాళ్లు వస్తువులు కొనడం దాదాపుగా మానేశారు. ఇప్పుడు పోలుస్తున్నారు. మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఏ ఫ్లాట్ తలుపు తట్టినా లోపల ఒకరు ల్యాప్‌టాప్ ముందు, ఇంకొకరు ఫోన్ పట్టుకుని రెండు మిక్సీల మధ్య తేడా తేలుస్తుంటారు. దీన్ని కాలక్షేపం అనుకునేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఇది ఉద్యోగం. ఆఫీసు పని కంటే శ్రద్ధగా చేస్తున్నారు కూడా.

కుందలహళ్లిలో ఉండే మా బాబాయినే తీసుకోండి. కరెంటు ఆఫీసులో రిటైరై కొడుకు దగ్గరికి వచ్చారు. ఉగాదికి ముందు పిన్ని ఐదు లీటర్ల కుక్కర్ కావాలంది. బాబాయి వెంటనే ఎక్సెల్ షీట్ తెరిచారు. అల్యూమినియమా స్టీలా, మూత లోపలికా బయటికా, ఇండక్షన్ స్టవ్ మీద పనికొస్తుందా, అన్నిటికీ గడులున్నాయి. "విజిల్ స్వభావం" అని ఒక గడి. అది రివ్యూలు చదివి నింపింది. ఒకావిడ "ఇంకా వాడలేదు, ప్యాకింగ్ బాగుంది" అని ఐదు స్టార్లు వేసింది. ఇంకొకాయన డెలివరీ కుర్రాడు మర్యాదస్తుడని నాలుగు వేసి, ఒకటి ఎందుకు తగ్గించాడో చెప్పలేదు. ఆ ఒక్క స్టార్ గురించి బాబాయికి చాలా రోజులు నిద్ర పట్టలేదు. ఆన్‌లైన్ రివ్యూలకు కూడా, వస్తువుల నాణ్యతకి ప్రమాణాలు పెట్టే మన ప్రభుత్వ సంస్థ బీఐఎస్ 2022లో ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం తెచ్చింది. అందులో కుర్రాడి మర్యాదకి ఎన్ని మార్కులో బాబాయి వెతుకుతున్నారు.

ఇంత షీట్‌లో లేని గడి ఐఎస్ఐ గుర్తు. ఇంట్లో వాడే కుక్కర్‌కి అది తప్పనిసరి. అది లేని కుక్కర్లు తన సైట్‌లో అమ్మనిచ్చినందుకే 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ అమెజాన్‌కి లక్ష రూపాయల జరిమానా వేసింది. అమ్ముడైనవి 2,265. కొన్నవాళ్లకు డబ్బు తిరిగివ్వమని కూడా చెప్పింది, అది వేరే సంగతి. జరిమానా మట్టుకు లెక్క కడితే కుక్కర్‌కి 44 రూపాయలు. ఆ డబ్బుకి మంచి గ్యాస్కెట్ రావడం కూడా అనుమానమే. అన్నట్టు గ్యాస్కెట్‌కీ గడి లేదు. వీధి చివర పాత్రల షాపులో గ్యాస్కెట్ దొరికే కంపెనీ అయితే చాలని పిన్ని మొదటిరోజే అంది. ఆమె అభిప్రాయాన్ని "ఇతరములు" కింద రాసుకున్నారు. ఈలోగా పప్పు గిన్నెలోనే ఉడుకుతోంది. సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్న ఊరు కదా, ఇక్కడ నీళ్లు వంద డిగ్రీలకు చేరకుండానే మరుగుతాయి. పప్పు ఇంకాస్త నెమ్మదిగా ఉడుకుతుంది. పరిశోధనకి అనువైన వాతావరణమే.

వాటర్ ఫిల్టర్ల షీట్ ఇంతకన్నా గంభీరమైనది. ఆర్వో, యూవీ, యూఎఫ్, రాగి, మళ్లీ ఆర్వోలో రాగి. ఫిల్టర్ కొనాలంటే ముందు నీళ్ల సంగతి తెలియాలి, బెంగళూరులో ఆ నీళ్లేమో ఒక రకం కాదు. వంద కిలోమీటర్ల అవతల నుంచి ఎత్తిపోసే కావేరి నీళ్లు ఒకరోజు, అవి రాకపోతే ట్యాంకర్‌లో బోరు నీళ్లు ఇంకోరోజు. తాగే నీటిలో టీడీఎస్, అంటే కరిగి ఉన్న లవణాలూ ఖనిజాలూ, లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే దిక్కు లేనిచోట 2000 దాకా సర్దుకోవచ్చని బీఐఎస్ చెబుతోంది. టీడీఎస్ తక్కువున్న నీళ్లకి ఆర్వో పెడితే ఖనిజాలు పోతాయి, బకెట్ల కొద్దీ నీళ్లు సింకులోకి పోతాయి. అందుకని అడిగాను.

"మన కుళాయి నీళ్ల టీడీఎస్ ఎంత బాబాయ్?"

"అది స్పెసిఫికేషన్స్‌లో ఇవ్వలేదురా."

"కొలిచే మీటరు కొన్ని వందల్లో వస్తుంది కదా?"

"వస్తుంది. ఏ మీటరు మంచిదో ఇంకో షీట్ తెరిచాను."

నవ్వకండి. అమ్మేవాడు ఏ గడులిస్తే ఆ గడులే నింపాలన్నది ఈ ఉద్యోగంలో మొదటి నిబంధన. మన కుళాయి, మన వంటిల్లు, మన వీధి షాపు వాడికి తెలియవు కాబట్టి అవి లేనట్టే లెక్క.

ఏసీలదీ ఇదే తంతు. స్టార్ల లేబుల్ మీద రాసే యూనిట్లు ఏడాదికి 1600 గంటలు నడుస్తుందన్న లెక్కతో వేసినవి. విజయవాడలో అది న్యాయమైన లెక్కే. బెంగళూరులో మార్చి, ఏప్రిల్ దాటాక దుప్పటి వెతుక్కునేవాళ్లు కూడా ఆ లెక్కతోనే ఐదు స్టార్లకి అదనంగా ఎంత పెట్టొచ్చో తేల్చుకుంటున్నారు. పైగా 2022 జులైలో స్టార్ల పట్టిక మారి, అప్పటిదాకా ఐదున్న ఏసీలు నాలుగుకి దిగాయి. పాత రివ్యూని, కొత్త స్టార్‌ని ఒకే వరసలో పెట్టి చూసేవాళ్ల ఓపికకి దండం పెట్టాలి.

చీరల గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఇది అసలు పట్టా, ఆర్ట్ సిల్క్ అనే నకిలీ పట్టా అని ఫోన్‌లో ఫొటో పెద్దది చేసుకుని చూసే వదినల్ని మాత్రం చూశాను. అసలు పట్టుకి వేసే సిల్క్ మార్క్ ముద్ర వచ్చిందే ఆ జంక్షన్‌కి పేరిచ్చిన కేంద్ర పట్టు బోర్డు పుణ్యాన.

ఇక సైట్ల బెదిరింపులు. "ఇంక రెండే మిగిలాయి" అని రోజూ హెచ్చరించడం, అడక్కుండా బుట్టలో బీమా వేయడం, "వద్దు, నాకు డబ్బు మిగుల్చుకోవడం ఇష్టం లేదు" అనే బటన్ నొక్కితేగానీ వదలకపోవడం. ఇలాంటివి 13 రకాలున్నాయని, చేయకూడదని 2023 నవంబర్ 30న ప్రభుత్వం మార్గదర్శకాలిచ్చింది. బాబాయి ఆ జాబితా ప్రింట్ తీయించి, ఏ సైట్‌లో ఎన్ని ఉన్నాయో టిక్కులు పెడుతున్నారు. ఎక్కువ టిక్కులొచ్చిన సైట్‌లోనే ధర తక్కువుంది. పరిశోధన ఇక్కడ కాస్త చిక్కుపడింది.

చరిత్ర కూడా చూద్దాం. 2007లో కోరమంగళలో ఫ్లిప్‌కార్ట్ మొదలైనప్పుడు అమ్మింది పుస్తకాలే. తొలి ఆర్డర్ పెట్టింది మన మహబూబ్‌నగర్ మనిషి. ఆ పుస్తకం కోసం కంపెనీ పెట్టినవాళ్లే బెంగళూరు షాపులు గాలించి పంపారు. ఆయన ఫలానాది కావాలన్నాడు, అంతే. తిరుగుడు అమ్మేవాడిది. ఇప్పుడు ఆ తిరుగుడు మనకు బదిలీ అయింది. చిక్‌పేట షాపులో పరుపు మీద నలభై చీరలు విప్పి చూపించి, ఒక్కటీ నచ్చలేదంటే మళ్లీ మడతపెట్టే కుర్రాడికి నెల తిరిగేసరికి జీతం అందుతుంది. అదే పని మనం మన కరెంటు, మన డేటా, మన కళ్లు పెట్టి చేస్తున్నాం.

కనుక ఈ గుమాస్తాల తరఫున నా డిమాండ్లు. నెల జీతం. దసరా సేల్ రాత్రులకి ఓవర్‌టైమ్. కళ్లద్దాల ఖర్చు. కార్ట్‌లో పెట్టి వదిలేసిన ప్రతి వస్తువుకీ, కనీసం దుమ్ము దులిపినందుకు కూలి.

వినతిపత్రం రాసి బాబాయికి చూపించాను. శ్రద్ధగా చదివి, ఇలాంటివి ఇంకో రెండు మూడు తెస్తే పోల్చి చూసి, మంచిదాని మీద సంతకం పెడతానన్నారు.