ఒంటరి ప్రెయిరీ డాగ్ ఎవరిని హెచ్చరించాలి?

2007లో ఐదు సెకన్ల వీడియో ఒకటి చూసి ప్రపంచమంతా నవ్వుకుంది. అటు తిరిగి ఉన్న చిన్న జంతువు గిరుక్కున ఇటు తల తిప్పి గుడ్లప్పగించి చూస్తుంది. నేపథ్యంలో ఉలిక్కిపడేలా సంగీతం మోగుతుంది. చాలామంది దాన్ని చారల ఉడుత అనుకున్నారు. నిజానికి అది ప్రెయిరీ డాగ్. తన జాతి పుట్టిన అమెరికా గడ్డి మైదానానికి ఒక మహాసముద్రం అవతల, జపాన్ టీవీ కెమెరా ముందు నిలబడి ఉంది.

ఇప్పుడు ఫోను తెరిస్తే అలాంటివి కుప్పలు. సోఫా మీద వెల్లకిలా పడుకుని పొట్ట నిమిరించుకునేవి, యజమాని గుమ్మంలో అడుగుపెట్టగానే ముందుకాళ్లు పైకెత్తి కూత పెట్టేవి. చూసినవారికి వెంటనే పుట్టే కోరిక ఒకటే: ఇలాంటిది మన ఇంట్లోనూ ఉంటే ఎంత బాగుంటుంది! ఆ కోరిక కలిగిన ప్రతి ఒక్కరికీ చెప్పదలచుకున్నది సూటిగా చెబుతాను. కొనకండి. దీని అమ్మకమే ఉండకూడదు. అమెరికా ప్రభుత్వం 2003లో ఈ వ్యాపారాన్ని ఆపింది, 2008లో మళ్లీ తలుపులు తెరిచింది. తెరవడం తప్పు.

పేరులో కుక్క ఉన్నా ఇది నేలలో కలుగు తవ్వుకుని బతికే ఉడుత. మొరిగినట్టు వినిపించే కూత వల్ల ఆ పేరు వచ్చింది. కెనడా దక్షిణపు అంచు నుంచి మెక్సికో ఉత్తర భాగం దాకా పరచుకున్న నేలల్లో ఐదు జాతులున్నాయి. పెంపకానికి ఎక్కువగా తరలిపోయేది నల్లతోక జాతి. మనిషి దీన్ని పట్టుకోవడం కొత్త కాదు. 1804లో లూయిస్, క్లార్క్‌ల అన్వేషక బృందం ఒక కలుగులోకి పీపాల కొద్దీ నీళ్లు పోసి ఒకదాన్ని బయటికి రప్పించింది. వారు పంపిన జీవుల్లో ఒక ప్రెయిరీ డాగ్ మరుసటి ఏడాది అధ్యక్షుడు జెఫర్సన్ నివాసానికి ప్రాణాలతో చేరింది. ఉన్న చోటి నుంచి పీకి తెచ్చి ఇంట్లో పెట్టుకుని మురిసిపోవడం అప్పుడే మొదలైంది.

అసలు మాట ఇక్కడ ఉంది. ప్రెయిరీ డాగ్ అంటే ఒక జంతువు కాదు, ఒక ఊరు. నల్లతోక జాతిలో ఒక మగ, మూడు నాలుగు ఆడవి, వాటి పిల్లలు కలిసి ఒక ఇల్లు. అలాంటి ఇళ్లు పక్కపక్కనే పదులు, వందలు. ఎదురుపడినప్పుడు రెండూ మూతులు ఆనించి, పళ్లు తాకించి, అవతలిది తన ఇంటిదా పరాయిదా అని పోల్చుకుంటాయి. మనకు ముద్దులా కనిపించేది అదే. కలుగుకు ఒక నోరు ఎత్తుగా గట్టు కట్టి ఉంటుంది, మరొకటి పల్లంగా ఉంటుంది. మైదానం మీద గాలి వీచినప్పుడు పల్లపు నోటి నుంచి లోపలికి వెళ్లిన గాలి ఎత్తు నోటి గుండా బయటికి వస్తుంది. నేల అడుగున మీటర్ల లోతున పడుకున్న పిల్లకు ఊపిరి అందేది ఆ గట్టు ఎత్తు వల్లే. వాన తర్వాత గట్టు కరిగితే మళ్లీ మట్టి తెచ్చి ముక్కుతో ఒత్తి సరిచేస్తాయి.

ఇక కూతలు. ఉత్తర అరిజోనా విశ్వవిద్యాలయంలో కాన్ స్లోబోద్చికాఫ్ దశాబ్దాల పాటు గన్నిసన్ జాతి ప్రెయిరీ డాగ్‌ల కూతలను రికార్డు చేసి విశ్లేషించారు. డేగకు ఒక కూత, మనిషికి ఒకటి, కొయొటీ తోడేలుకు ఒకటి, పెంపుడు కుక్కకు ఇంకొకటి. ఆ కూత విన్నవి చేసే పని కూడా వేరుగానే ఉంటుంది. డేగ కూత వింటే అది దూసుకువచ్చే దారిలో ఉన్నవి మాత్రమే పరుగెత్తుతాయి. మనిషి కూత వింటే ఊరు ఊరంతా కలుగుల్లోకి దూకుతుంది. కొయొటీ అయితే కలుగు అంచుదాకా వచ్చి నిలబడి చూస్తుంటాయి. కుక్క అయితే ఉన్నచోటే లేచి నిలబడతాయి. అంతటితో ఆగలేదు. ఒకే తరహా మనుషులు వేర్వేరు రంగుల చొక్కాలు వేసుకుని నడిచినప్పుడు కూతలో తేడా వచ్చింది. పసుపు చొక్కా మనిషికి ఒక కూత, నీలం చొక్కా మనిషికి మరో కూత. దీన్ని భాష అనవచ్చా అన్న విషయంలో శాస్త్రవేత్తలకు ఏకాభిప్రాయం లేదు. ఆ తగాదా తేలే వరకు నేను ఆగనక్కర్లేదు. ఎవరో ఒకరు వింటారన్న నమ్మకం లేకుండా కూత పుట్టదు. వినేవారు లేని ఇంట్లో, తలుపు కొట్టిన శబ్దానికి, గోడ మీద కదిలిన నీడకు, మిక్సీ మోతకు ఆ కూత పెట్టే జంతువు పడే కష్టాన్ని మనం ముద్దుగా ఉందని వీడియో తీస్తున్నాం.

ఆ ఊరు రామరాజ్యం అని నేను అనడం లేదు. దక్షిణ డకోటాలోని విండ్ కేవ్ జాతీయ పార్కులో 1970ల నుంచి వీటిని గమనించిన జాన్ హూగ్‌లాండ్ తేల్చిన విషయం చదివితే మనసు చివుక్కుమంటుంది. బాలింత తల్లులు తమ దగ్గరి బంధువుల పిల్లలనే చంపుతాయి. ఆ తరువాత బతికి బయటపడిన పిల్లలకు అవే తల్లులు తమవీ పరాయివీ అన్న తేడా లేకుండా పాలు ఇస్తాయి. మంచీ చెడూ కలిసిన బతుకు అది. దాన్ని ముక్కలు చేసి ఒక ముక్కను పంజరంలో పెట్టే హక్కు మనకు ఎవరిచ్చారు?

ఆ ముక్క ఎలా వస్తుందో కొనేవారికి చాలామందికి తెలియదు. కుక్కలనో కుందేళ్లనో పెంచి అమ్మినట్టు వీటిని అమ్మరు. ఆడది ఏడాదిలో ఒక్క రోజు, అందులోనూ కొన్ని గంటలే జతకడుతుంది. పంజరంలో ఆ ఘడియ కుదరడం అరుదు. అందుకే అంగడికి వచ్చేవి ఎక్కువగా వసంతంలో కలుగుల నుంచి లాగిన పిల్లలు. సబ్బు నురుగు నీళ్లు పోసి పైకి తెస్తారు. మురుగు కాలువలను శుభ్రం చేసే వాక్యూమ్ లారీని మార్చి, లోపల మెత్తటి నురుగు పలకలు అమర్చి, కలుగులోంచి పీల్చేసిన సందర్భాలూ ఉన్నాయి. ఇంటికి వచ్చాక కథ పంజరపు ఊచల దగ్గర మొదలవుతుంది. గట్టి గడ్డి కొరికే పళ్లు ఇనుము కొరుకుతాయి. పై పళ్ల వేర్ల దగ్గర గడ్డలా పెరిగి ముక్కుదారిని మూసేసే జబ్బు వీటి వైద్యం చేసేవారికి బాగా తెలుసు. ఉడుతకు ముక్కుతో తప్ప ఊపిరి తీయడం చేతకాదు, కాబట్టి అది మెల్లగా ఊపిరాడక చావడమే. పోయిన ఏడాది ఒళ్లో నిద్రపోయిన మగ పిల్ల చలికాలం జతకట్టే రుతువు రాగానే యజమాని చేతినే కొరుకుతుంది. దానికి ఆయన ఇప్పుడు ప్రత్యర్థి. అప్పటిదాకా ప్రేమించినవారే దాన్ని వదిలించుకోవడానికి దారులు వెతుకుతారు.

2003 సంగతి చాలామంది మరచిపోయారు. ఘనా నుంచి టెక్సాస్‌కు దిగిన చిన్న జంతువుల సరుకులో మంకీపాక్స్ సోకిన ఆఫ్రికా ఎలుకలు ఉన్నాయి. ఇల్లినాయ్‌లోని ఒక వ్యాపారి దగ్గర వాటి పక్కనే ప్రెయిరీ డాగ్‌లను ఉంచారు. అక్కడి నుంచి ఇళ్లకు చేరిన ప్రెయిరీ డాగ్‌ల ద్వారా ఆరు రాష్ట్రాల్లో 47 మందికి వ్యాధి వచ్చినట్టు లెక్క తేలింది. ఆఫ్రికా బయట అది ఆ వ్యాధి తొలి విజృంభణ. అదృష్టవశాత్తు ఎవరూ చనిపోలేదు. అంతకు ముందు ఏడాదే టెక్సాస్‌లోని మరో వ్యాపారి దగ్గర టులరీమియా అనే బాక్టీరియా జబ్బు సోకి ప్రెయిరీ డాగ్‌లు కుప్పకూలాయి. అప్పటికే కొన్ని విదేశాలకు వెళ్లిపోయాయి. జపాన్ 2003లో వీటి దిగుమతిని మూసేసింది, ఇప్పటికీ మూసే ఉంచింది. అమెరికా మాత్రం మంకీపాక్స్ వల్ల పెట్టిన ఆంక్షను ఐదేళ్లు గడిచాక ఎత్తేసింది. మైదానంలో ఉన్నప్పుడు ఈ జీవికి ఆఫ్రికా ఎలుకతో పరిచయమే లేదు. ఆ పరిచయం చేయించింది అంగడి.

పెంచేవారి వాదన నాకు తెలుసు. బయట ఉంటే విషం పెట్టి చంపుతారు, తూటాలతో కాలుస్తారు, మా ఇంట్లో పదేళ్లు బతుకుతుంది కదా అంటారు. వారిలో చాలామందిది నిజమైన ప్రేమే, కాదనను. అయితే ఆ వాదనే వ్యాపారికి పెట్టుబడి. మొత్తం ఊరును మరో చోటికి తరలించి బతికించవచ్చని కొలరాడోలోను ఇతర చోట్లా చేసి చూపించారు. కుటుంబాన్ని విడదీయకుండా తరలిస్తే అవి నిలదొక్కుకుంటాయి. తల్లి దగ్గరి నుంచి పిల్లను లాక్కుని దానికి ధర కట్టడం కాపాడటం ఎలా అవుతుంది?

ఇక ఆ విషం గురించి. 1902లో అమెరికా జీవ సర్వే సంస్థ అధిపతి హార్ట్ మెరియమ్ ప్రెయిరీ డాగ్‌ల వల్ల మేతభూమి ఫలసాయం సగం నుంచి ముప్పావు వంతు దాకా తగ్గుతుందని ప్రకటించారు. తరువాతి పరిశోధనలు ఆ లెక్కను బలపరచలేదు. అప్పటికే పని జరిగిపోయింది. ఆ రోజుల్లో ఒక్క టెక్సాస్‌లోనే 40 కోట్ల జీవులున్న ఒకే ఊరు ఉందని అంచనా వేశారు. ప్రభుత్వ ఖర్చుతో లక్షల ఎకరాల్లో స్ట్రిక్నిన్ పూసిన గింజలు చల్లారు. స్ట్రిక్నిన్ మనకు పరాయిది కాదు. మన అడవుల్లో కాసే విషముష్టి గింజలోని విషమే అది. తరువాత వచ్చింది జింక్ ఫాస్ఫైడ్. మన రైతు నూకల్లో నూనెతో కలిపి ఎలుక కన్నాల దగ్గర పెట్టే నల్లమందును అక్కడ ఓట్స్‌కు పట్టించి చల్లుతారు. దీనికి తోడు 1900లో ఓడల్లో శాన్ ఫ్రాన్సిస్కో చేరిన ప్లేగు క్రమంగా లోపలి మైదానాలకు పాకింది. అది సోకిన ఊరిలో నూటికి తొంభైకి పైగా చస్తాయి. ఇవన్నీ కలిసి, నల్లతోక జాతి ఒకప్పుడు ఆక్రమించిన నేలలో 95 శాతానికి పైగా ఖాళీ చేశాయి.

ఖాళీ అయింది ఒక్క ప్రెయిరీ డాగ్ కాదు. నల్లకాళ్ల ఫెర్రెట్ అనే సన్నటి వేటజీవి తిండి దాదాపు మొత్తం ప్రెయిరీ డాగే, ఇల్లు కూడా దాని కలుగే. 1979 నాటికి అది అంతరించిపోయిందనుకున్నారు. 1981లో వయోమింగ్‌లోని మీటీట్సీ దగ్గర ఒక పెంపుడు కుక్క నోట కరచుకొచ్చిన కళేబరం వల్ల ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయని తెలిసింది. చివరికి 18 జీవులను పట్టి వాటి నుంచి జాతిని తిరిగి పెంచుతున్నారు. 1988లో గడ్డకట్టించి దాచిన కణాల నుంచి 2020 డిసెంబరులో ఎలిజబెత్ ఆన్ అనే ఫెర్రెట్‌ను క్లోనింగ్ ద్వారా పుట్టించారు. ప్రెయిరీ డాగ్‌లను ప్లేగు నుంచి కాపాడటానికి వేరుశనగ వెన్న వాసన వేసే టీకా ముద్దలను డ్రోన్లతో ఊళ్ల మీద జారవిడిచారు. ఇంత శ్రద్ధ చూపే దేశంలోనే పక్క కంచె అవతల విషపు ఓట్స్ చల్లుతున్నారు, ఆ పక్క ప్రెయిరీ డాగ్ పిల్లలను పట్టి అమ్ముతున్నారు.

ఎందుకిలా? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా వెంటాడుతోంది. నాకు తోచిన కారణం ఒకటే. గడ్డినేలను ఎవరూ నేలగా లెక్కపెట్టలేదు. చెట్టు ఉంటే అడవి, పంట ఉంటే పొలం. ఈ రెండూ లేకపోతే ఏమీ లేనట్టే. ఏమీ లేని చోట బతికే ప్రాణికి రెండే గతులు. మనకు అడ్డొస్తే చీడ, ముచ్చటగా ఉంటే సరుకు. ప్రెయిరీ డాగ్ కొరికిన చోట లేతగా మొలిచే గడ్డిని వెతుక్కుంటూ అడవిదున్నలు వచ్చేవి, వదిలేసిన కలుగుల్లో గుడ్లగూబలు గుడ్లు పెట్టేవి, తవ్విన మట్టిలోకి వాననీరు ఇంకేది. ఆ లెక్క ఏ దస్త్రంలోనూ ఎక్కలేదు.

మనమూ అదే దస్త్రం రాస్తున్నాం. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ ఉపగ్రహ చిత్రాల ఆధారంగా తయారయ్యే బంజరు భూముల అట్లాస్‌లో పొదనేలలు, పాడైన పచ్చిక బీళ్లు కూడా బంజరు ఖాతాలోకే వెళ్తాయి. రాయలసీమ మెట్టల్లో ఆ ఖాతా కింద ఉన్న నేల మీదే నక్షత్ర తాబేలు తిరుగుతుంది. పెంపుడు జంతువుల కోసం ప్రపంచంలో అత్యధికంగా దొంగరవాణా అయ్యే తాబేళ్లలో అది ఒకటి. 2019లో అంతర్జాతీయ వాణిజ్యం మీద పూర్తి నిషేధం వచ్చినా సూట్‌కేసుల్లో మూట కట్టి తీసుకెళ్తూ విమానాశ్రయాల్లో పట్టుబడుతూనే ఉన్నారు. బట్టమేక పిట్ట కోసం 1988లో అప్పటి కర్నూలు జిల్లా రోళ్లపాడులో అభయారణ్యం ప్రకటించారు. చుట్టూ సాగు తీరు మారిపోయింది, బీళ్లు దున్నేశారు. దేశం మొత్తం మీద ఆ పక్షులు రెండు వందలు కూడా లేని ఈ రోజున రోళ్లపాడు నుంచి అది దాదాపు కనుమరుగైంది. సౌర ఫలకాలకు చోటు కావాలన్నా, కొత్త కాలనీకి ప్లాట్లు వేయాలన్నా మన అధికారుల వేలు ముందుగా పోయేది ఇలాంటి నేల మీదికే. ‘అక్కడేముంది, గడ్డి తప్ప’ అన్న మాట ఎన్ని సమావేశాల్లో వినిపిస్తుందో లెక్కలేదు.

కాబట్టి అమ్మకాన్ని నిషేధించమన్నప్పుడు నేను అడుగుతున్నది ఒక్క జంతువు సంగతి కాదు. మైదానం నుంచి పట్టిన ప్రెయిరీ డాగ్‌ల వ్యాపారం మీద 2003 నాటి ఆంక్షను అమెరికా తిరిగి తేవాలి. ప్రభుత్వ భూముల్లో విషం ఆపాలి. మన దేశంలో పచ్చిక నేలలను బంజరు ఖాతా నుంచి తీసి వేరే పేరు పెట్టాలి.

టెక్సాస్‌లోని లబ్బక్ పట్టణంలో చదువుకునే తెలుగు విద్యార్థులు ఒక సాయంత్రం మెకెంజీ పార్కుకు వెళ్లి చూడవచ్చు. ప్రభుత్వం విషంతో ఈ జాతిని తుడిచిపెడుతుందని భయపడిన కె.ఎన్. క్లాప్ అనే స్థానికుడు 1930లలో రెండంటే రెండు జతలను అక్కడ వదిలాడు. చుట్టూ పొట్టి గోడ కట్టారు. అదే నగరం 2002లో తన మురుగునీరు పారించే భూముల్లోని వేలాది ప్రెయిరీ డాగ్‌లను చంపాలని చూసింది, జనం ఎదురుతిరిగారు. పార్కులో క్లాప్ వదిలిన వాటి ఊరు ఇప్పటికీ ఉంది. మీరు గోడ దగ్గరికి వెళ్లగానే ఒకటి నిటారుగా లేచి కూత పెడుతుంది. క్షణంలో పదులకొద్దీ తలలు మీ వైపు తిరుగుతాయి.