ఆదితాళం తీసుకెళ్లి అక్కడ వేశాను

నాకు సంగీతం రాదు, తాళం మాత్రం వచ్చు. చిన్నప్పుడు రాజమండ్రిలో అక్కకి పాఠం చెప్పడానికి మాస్టారు వచ్చినప్పుడు, ఊరికే ఉంటే అల్లరి చేస్తానని నన్నూ పక్కన కూర్చోబెట్టి తాళం వేయించేవారు. అలా అబ్బిన ఆదితాళం ఒక్కటే దోహా దాకా నాతో వచ్చింది.

మొన్న మా ఆఫీసులో అకౌంట్స్ చూసే ట్యునీషియా ఆయన కచేరీకి తీసుకెళ్లాడు. ఊద్ అనే అరబ్బుల తంత్రీ వాద్యం, నై అనే వాళ్ల వేణువు, పియానో, బాస్, డ్రమ్స్. మన రాగాల్లాంటి అరబ్బు మకామ్‌లూ, సూఫీలు దేవుణ్ని తలుచుకుంటూ పాడే జిక్ర్ వరసలూ తీసుకుని, జాజ్ వాళ్లలా అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారట. ఇదేదో కొత్త ఫ్యాషన్ కాబోలన్నాను. అంతే, కారులోనే క్లాసు పీకాడు. జాజ్ పియానిస్టు థెలోనియస్ మాంక్ పక్కన బాస్ వాయించిన అహ్మద్ అబ్దుల్ మాలిక్ 1958లోనే ఊద్ పట్టుకుని 'జాజ్ సహారా' రికార్డు చేశాడట, వాళ్ల దేశం వాడే అయిన ఊద్ వాద్యకారుడు అన్వర్ బ్రాహిమ్ జాజ్ వాళ్లు జాన్ సర్మన్, డేవ్ హాలండ్‌లతో చేసిన 'థిమార్' ఆల్బమ్ 1998లో వచ్చిందట, అందులో డ్రమ్స్ అసలు లేవట. పార్కింగ్ దొరికేదాకా ఇదే.

ముందు ఊద్ ఒక్కటే మొదలైంది. మన ఆలాపన లాంటిదే, తక్సీమ్ అంటారు. మనం ఊరుకుంటామా, రాగం పట్టేద్దామని చెవులు రిక్కించాను. ఖరహరప్రియ అనుకున్నాను. అంతలో రెండో స్వరం, రిషభం, కాస్త కిందికి జారింది. అయితే తోడి కాబోలు. అంత కిందికీ రాలేదు! రెండిటికీ మధ్యలో, ఫుట్‌బోర్డు మీద వేలాడే ప్రయాణికుడిలా ఉండిపోయింది. అది బయాతీ మకామ్ అని తర్వాత చెప్పాడు మావాడు. ఊద్‌కి వీణకుండేలాంటి మెట్లు లేవు కాబట్టి వేలు ఎక్కడైనా ఆనుతుంది, పియానోలో మాత్రం ఆ స్వరానికి మీటే లేదు. పాపం పియానో ఆయన ఆ చోటు వచ్చినప్పుడల్లా, బాకీ ఉన్న కిరాణా కొట్టు ముందు నుంచి వెళ్లేవాడిలా దాటేస్తున్నాడు.

ఊద్ ఆయన ఆగాడు. జాజ్‌లో సోలో అవగానే చప్పట్లు కొట్టాలని ఎక్కడో చదివాను. కొట్టాను. హాలు మొత్తానికి నేనొక్కణ్నే. ఆయన ఆగింది ఊపిరి పీల్చుకోవడానికట. ఆ తర్వాత పాట చుట్టూ తిరిగొచ్చి మొదటి స్వరం మీద వాలగానే చుట్టుపక్కల వాళ్లంతా మెచ్చుకోలుగా 'అల్లాహ్' అని నిట్టూర్చారు. నేను చేతులు ముడుచుకుని కూర్చున్నాను.

డ్రమ్స్ మొదలయ్యాక ఆ ముడుచుకున్న చేతులు ఆగలేదు. తొడ మీద దెబ్బ, మూడు వేళ్లు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. నాది ఎనిమిది లెక్కల తాళం, వాళ్లది సమాయీ సకీల్ అని పది లెక్కలది. నాది ఐదు ఆవర్తాలూ వాళ్లవి నాలుగూ అయ్యేసరికి, అంటే 40 లెక్కలకోసారి, అందరం ఒకే చోట పడేవాళ్లం. పడ్డప్పుడల్లా వాళ్లే దారికొచ్చారనిపించి తల గట్టిగా ఊపేవాణ్ని. మావాడు సీట్లో కిందికి జారిపోతున్నాడు.

చివరిది హద్రా, అంటే సూఫీలు గుంపుగా చేసే జిక్ర్, వరస. నెమ్మదిగా మొదలై, మనుషుల ఊపిరే తాళమై, వేగం పెరుగుతూ పోతుంది. దాంతోపాటు నా విసురూ పెరిగింది. అది కాస్తా పక్కన పెద్దాయన చేతికర్రకి తగిలింది. నై ఒక్కటే సన్నగా పలుకుతున్న సమయంలో ఆ కర్ర టక్, టక్, టకటక్ అంటూ మెట్లన్నీ దిగి స్టేజి దగ్గర ఆగింది.

నిశ్శబ్దం. డ్రమ్స్ ఆయన నవ్వి, అదే టక్, టక్, టకటక్ డ్రమ్ము అంచు మీద వాయించాడు. బాస్ అందుకుంది, ఊద్ అందుకుంది, పియానో ఆయనకి కూడా ఇన్నాళ్లకి చేతినిండా పని దొరికింది. నా వెధవ పని మీద బోలెడంతసేపు నడిపారు. పెద్దాయన మాత్రం నా కుడి మణికట్టు పట్టుకుని కచేరీ అయ్యేదాకా వదల్లేదు.

కర్ర కింద ఉంది కాబట్టి దిగేటప్పుడూ ఆ చెయ్యే ఊతం. ఒక్కో మెట్టూ గట్టిగా లెక్కపెడుతూ దిగారు: వాహిద్, ఇత్నేన్, తలాతా... ఎనిమిదో మెట్టు మీద నేను ఆగబోయాను. తల అడ్డంగా ఊపి ఇంకో రెండు మెట్లు లాక్కెళ్లి, అప్పుడు మళ్లీ వాహిద్ అన్నారు.