‘డ్రోన్ ఎగరేస్తే అడవి లెక్క తేలిపోతుంది’ అన్న మాటలో నిజమెంత?

“ఒక డ్రోన్, ఒక సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. అడవిలో ప్రతి చెట్టునూ లెక్కపెట్టొచ్చు, ఎంత కార్బన్ ఉందో చెప్పొచ్చు, దొంగ నరుకుడును ఆ రోజే పట్టుకోవచ్చు. టేపులు పట్టుకుని అడవుల్లో తిరిగే రోజులు పోయాయి.” ఈ మాట ఫోన్ల నిండా తిరుగుతోంది. పైనుంచి చేసే సర్వే అవసరమే. లక్షల హెక్టార్లను కనిపెట్టుకుని ఉండాలంటే మరో దారి లేదు. అయితే దాన్ని చూసుకుని నేల మీది కొలతలు ఆపేస్తే, డ్రోన్ ఇచ్చే అంకెలకే ఆధారం లేకుండా పోతుంది. ఆ మాటనూ, దానితో పాటు వినిపించే మరికొన్నిటినీ ముక్కలుగా విడదీసి చూద్దాం.

“ప్రతి చెట్టునూ లెక్కపెట్టొచ్చు”

పనామాలోని బారో కొలరాడో దీవిలో చెట్లను కొలవడానికి హద్దులు గీసుకున్న 50 హెక్టార్ల ప్లాట్ ఉంది. 1980ల మొదటి నుంచి అక్కడ 1 సెంటీమీటరు లావున్న (కాండం అడ్డుకొలతలో) మొక్క దగ్గర్నుంచి ప్రతి కాండాన్నీ కొలుస్తున్నారు. హెక్టారుకు సుమారు 4,000 కాండాలు తేలాయి. అందులో 10 సెంటీమీటర్లు దాటినవి 400 పైచిలుకు. మిగతావన్నీ పెద్ద చెట్ల నీడలో ఉంటాయి, పైనుంచి తీసిన ఫొటోలో పడవు. కనిపించే వాటిలోనూ చిక్కుంది. విశాలమైన ఒకే చెట్టు తలను సాఫ్ట్‌వేర్ నాలుగు చెట్లుగా చీలుస్తుంది, ఆనుకుని పెరిగిన మూడు తలల్ని ఒకటిగా కలిపేస్తుంది. ఈ రెండు తప్పులూ ఒకదానికొకటి సర్దుకుని మొత్తం అంకె సరిగ్గానే వచ్చినట్టు కనిపించడమే అసలు ప్రమాదం. జాతుల్ని గుర్తించడం మాత్రం కొన్నిసార్లు బాగానే కుదురుతుంది. అదే దీవిలో గ్వాయకాన్ చెట్లు ఎండాకాలంలో ఆకు రాల్చి, ఒక్కసారిగా పసుపుపచ్చగా పూస్తాయి. ఆ కొద్ది రోజుల్లో తీసిన ఫొటోలో ఒక్కో చెట్టునూ వేలుపెట్టి చూపొచ్చు. వారం తప్పితే ఆ అవకాశం పోయినట్టే.

“ఎత్తు ఫొటోల్లోనే వచ్చేస్తుంది”

ఎక్కువ పని పాడయ్యేది ఇక్కడే. 1 అంగుళం సెన్సార్, 8.8 మిల్లీమీటర్ల లెన్స్ ఉన్న డ్రోన్ నేలకు 100 మీటర్ల ఎత్తున ఎగిరితే ఒక్కో ఫొటోలో 150 × 100 మీటర్ల నేల పడుతుంది. ఒకే చోటు పలు ఫొటోల్లో పడితేనే సాఫ్ట్‌వేర్ వాటిని పోల్చి ఎత్తు కడుతుంది. అందుకని ముందుకూ పక్కకూ 80 శాతం ఓవర్‌ల్యాప్ (ఒక ఫొటో మీద మరోటి పడే భాగం) పెడితే ఫొటోకూ ఫొటోకూ 20 మీటర్లు, వరసకూ వరసకూ 30 మీటర్లు దూరం వస్తుంది. ఇదంతా నేల దగ్గరి లెక్క. చెట్లు 40 మీటర్లు ఉంటే పందిరికీ (చెట్ల తలలు కలిసిన పైకప్పుకీ) కెమెరాకూ మధ్య మిగిలేది 60 మీటర్లే. అక్కడ ఫొటో 90 × 60 మీటర్లకు కుదించుకుపోతుంది, ఓవర్‌ల్యాప్ 67 శాతానికి పడిపోతుంది. గాలికి ఆకులు కదిలాయంటే సాఫ్ట్‌వేర్‌కు పోలికలు దొరకవు, పటంలో చిల్లులు పడతాయి. ఓవర్‌ల్యాప్ 90 శాతం పెడితే పందిరి దగ్గర 83 శాతం మిగులుతుంది. ఫొటోలూ బ్యాటరీలూ ఎక్కువే పడతాయి, కానీ మళ్లీ ఎగరేయడం కంటే అది నయం.

ఇంత చేసినా దొరికేది పందిరి పైభాగమే. చెట్టు ఎత్తు తెలియాలంటే కింద నేల ఎక్కడుందో తెలియాలి, దట్టమైన ఆకుల కింద నేల ఫొటోకు అందదు. చాలామంది 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ రాడార్ తీసిన ఎత్తుల పటాన్నే నేలగా వాడేస్తారు. ఆ రాడార్ తరంగం పొడవు 5.6 సెంటీమీటర్లు. దట్టమైన అడవిలో అది నేలదాకా దిగకుండా పందిరిలోంచే తిరిగొచ్చేసింది. దాన్ని నేల అనుకుంటే 40 మీటర్ల చెట్టు పొదలా లెక్కకొస్తుంది. లేజర్ కిరణాలు పంపి దూరం కొలిచే లైడార్ ఈ పని చేయగలదు, అయితే దాని కాంతి కిరణాల్లోనూ నేల తాకేవి కొద్ది మాత్రమే. అడుగున ఉన్న పొదను నేలగా లెక్కగట్టారా లేదా అన్నది అడ్డుకోతలు (అడవిని నిలువుగా కోసి పక్కనుంచి చూపే పటాలు) గీసి కంటితో చూడాల్సిందే.

“కార్బన్ అంకె వచ్చేస్తుంది”

కార్బన్ లెక్క చెట్టు పొడి బరువు నుంచి వస్తుంది. దానికి ఉష్ణమండల అడవుల్లో విస్తృతంగా వాడే సూత్రం ఒకటుంది. కలప సాంద్రతనూ (ఘన సెంటీమీటరుకు గ్రాముల్లో), కాండం అడ్డుకొలత (సెంటీమీటర్లలో) వర్గాన్నీ, ఎత్తునూ (మీటర్లలో) గుణించి, వచ్చినదాన్ని 0.976 ఘాతానికి పెంచి, 0.0673తో గుణిస్తే కిలోల్లో పొడి బరువు వస్తుంది. 50 సెంటీమీటర్ల లావు, 30 మీటర్ల ఎత్తు ఉన్న చెట్టును తీసుకోండి. కలప సాంద్రత 0.6 అయితే సుమారు 2.3 టన్నులు, 0.3 అయితే 1.2 టన్నులు. పైనుంచి చూస్తే ఈ రెండు చెట్లూ ఒకేలా ఉండొచ్చు. లావులో 10 శాతం తప్పితే బరువులో 20 శాతం తప్పుతుంది. ఆ లావూ, కలప సాంద్రతా డ్రోన్‌కు కనబడనివే.

అందుకే నేల మీద ప్లాట్లు. టేపు 1.3 మీటర్ల ఎత్తున వేయాలి. తీగలు పాకి ఉంటే వాటి కిందుగా దూర్చాలి. చెట్టు మొదలు దగ్గర పలకల్లా లేచిన వేర్లుంటే అవి ముగిసిన చోటికి 50 సెంటీమీటర్లు పైన కొలిచి, ఆ చోట రంగు గీత వేయాలి. పందిరి కింద జీపీఎస్ 10 మీటర్లు తప్పడం మామూలే. 20 × 20 మీటర్ల ప్లాట్ ఒక పక్కకు 10 మీటర్లు జరిగితే సగం ప్లాట్ వేరే చెట్ల మీద పడుతుంది. 100 × 100 మీటర్లదైతే పోయేది పదో వంతే. చిన్న ప్లాట్లతో లైడార్‌ను సరిచూడటం మానేయమనేది ఇందుకే.

“పచ్చగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టే”

పచ్చదనం సూచీ (పైనుంచి కనిపించే పచ్చదనాన్ని ఒక అంకెగా చెప్పేది) ఆకులు బాగా కమ్ముకున్నాక పెరగడం ఆగిపోతుంది. ముదురు అడవికీ పామాయిల్ తోటకూ దాదాపు అదే అంకె రావచ్చు. అమెజాన్ అడవి ఎండాకాలంలో మరింత పచ్చబడుతోందన్న వాదన ఏళ్ల తరబడి నడిచింది. సూర్యుడి కోణం మారడం వల్లే అలా కనిపించిందని 2014లో ఒక అధ్యయనం వాదించింది.

“నరుకుడును ఆ రోజే పట్టుకోవచ్చు”

డ్రోన్ ఉన్న చోట, ఎగిరిన రోజున, నిజమే. అడవంతా చూసేది ఉపగ్రహాలు. వానాకాలంలో మబ్బులు కెమెరాను మూసేస్తాయి, అప్పుడు రాడారే దిక్కు. అది మళ్లీ అదే చోటికి రావడానికి రోజులు పడుతుంది, అది పంపే ‘ఇక్కడ నరికారు’ అన్న హెచ్చరిక ఖాయం కావాలంటే ఇంకోసారి చూడాలి. హెక్టారుకు ఒకటి రెండు చెట్లు ఎంచి కొడితే అదీ తప్పిపోవచ్చు. పైగా గాలివాన కూల్చిన చెట్టు, జారిన కొండచరియ, దారి మార్చిన వాగు కూడా హెచ్చరికగానే వస్తాయి. అక్కడికి వెళ్లినవారు మొద్దు దగ్గర నిలబడి చూడాలి: రంపం కోత ఉందా, వేర్లతో సహా లేచిందా? ఫొటో, తేదీ, అక్షాంశ రేఖాంశాలు రాసుకోవాలి. హెచ్చరిక తప్పని తేలినా ఆ సంగతీ రాసి పంపాలి. ఏ వాలులో, ఏ నెలలో తప్పుడు హెచ్చరికలు ఎక్కువొస్తున్నాయో తెలిసేది ఆ రాతల్లోంచే.