మహారాజశ్రీ పెల్లెట్ గారి దివ్యసముఖమునకు

అయ్యా,

ఉభయకుశలోపరి. ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి మిమ్మల్ని తెచ్చుకోవాలా, కట్టెలతోనే నెట్టుకురావాలా అన్న పంచాయితీ మా ఇంట్లో ఎంతకీ తెగడం లేదు. చలికాలం మా తీర్మానం కోసం ఆగే రకం కాదు. అందుకని నేరుగా మీతోనే తేల్చుకుందామని ఈ ఉత్తరం.

ముందు మీ జాతకం చూశాను. రంపపు పొట్టును ఎండబెట్టి, మెత్తగా నలిపి, చిల్లుల ఉక్కు అచ్చులోంచి బలంగా నెడతారట. ఆ ఒరిపిడికి పుట్టిన వేడికి చెక్కలో ఉండే లిగ్నిన్ మెత్తబడి పొట్టునంతా పట్టి ఉంచుతుంది. అలా పొయ్యిలో కాల్చే చెక్క గుళికలై పుట్టారు తమరు. లావు 6 లేదా 8 మిల్లీమీటర్లు, పొడవు 4 సెంటీమీటర్లకు మించదు. మేలురకం అనిపించుకోవాలంటే తేమ 10 శాతం లోపు, బూడిద 0.7 శాతం లోపు ఉండాలి. ఇన్ని అర్హతలు మా ఇంట్లో ఎవరికీ లేవు. సామిల్లులో ఊడ్చి కుప్పపోసే పొట్టు ఇలా సర్టిఫికెట్టు పట్టుకుని సంచుల్లో దిగడం చూస్తే, చదువుకున్న బంధువు వచ్చాడన్నంత బెరుకు.

కట్టె పాపం ఏ పరీక్షా రాయలేదు. అప్పుడే కొట్టిన చెట్టు బరువులో దాదాపు సగం నీళ్ళే. దాన్ని ముక్కలు కోసి, గొడ్డలితో చీల్చి, పైన కప్పు ఉండి పక్కల నుంచి గాలి ఆడేచోట పేర్చి, జాతిని బట్టి ఏడాదో రెండేళ్ళో ఆగాలి. అప్పుడు గాని తేమ 20 శాతం లోపుకి దిగదు. అంటే ఈ చలికి కాల్చే కట్టె గురించి నిరుడు కాదు, ముందటేడే ఆలోచించి ఉండాలి. రేపటి కూర సంగతి ఇవాళ ఆలోచించని కుటుంబం మాది. పోనీ కొందామా అంటే, ఎండాయా అని అడిగితే ఎండలేదని చెప్పిన వ్యాపారి ఇంతవరకు పుట్టలేదు. తేమ మీటరు పట్టుకుని వెళ్ళి, ఒక కట్టెను అక్కడికక్కడే చీల్పించి లోపలి ముఖం మీద గుచ్చి చూస్తే గాని నిజం బయటపడదు. పైపైన గుచ్చితే అన్నీ ఎండినవే.

పచ్చికట్టె పొయ్యిలో పెడితే వేడిలో కొంత నీళ్ళు మరిగించడానికే పోతుంది. పైగా పొగగొట్టంలో తారులాంటి మడ్డి పడుతుంది. ఏదో ఒక రాత్రి ఆ మడ్డి అంటుకుంటే ఇల్లు నిజంగానే వెచ్చబడుతుంది.

ఇక తమరి గొప్ప. కరెంటు లెక్కలో చెప్పాలంటే మీరు కిలోకి 4.8 యూనిట్ల దాకా వేడి ఇస్తారు. బాగా ఎండిన కట్టె కిలోకి దాదాపు 4. ఇంత డప్పు కొట్టుకుని తేడా ఇంతేనా? అదీ ముఖ్యంగా మీలో లేని నీళ్ళ పుణ్యం. చోటు విషయంలో మాత్రం మీదే పైచేయి. అదే వేడికి కట్టెలు మీకన్నా ఒకటిన్నర, రెండింతల జాగా అడుగుతాయి. పైగా సాలీళ్ళను వెంటబెట్టుకుని వస్తాయి.

మీ పొయ్యి తనంతట తనే అంటుకుంటుందనీ, గది వేడి చూసుకుని స్క్రూ తిరుగుతూ గుళికలు వేసుకుంటుందనీ విన్నాం. బాగానే ఉంది. మరి ఆ స్క్రూ తిప్పేదెవరు? అంటించే కడ్డీని కాల్చేదెవరు? ఫ్యానుకి దిక్కెవరు? అన్నిటికీ కరెంటే. గాలివానకు తీగలు తెగి చీకటైన రాత్రి, సరిగ్గా చలి ఎముకలు కొరికే వేళ, మీరు సంచుల నిండా ఉంటారు, మేము దుప్పట్ల కింద ఉంటాం. కరెంటు అక్కర్లేని పెల్లెట్ పొయ్యిలు కొన్ని ఉన్నాయి గాని, అరుదు. కట్టెకు అగ్గిపుల్ల చాలు. ఈ ఒక్క విషయంలో ఆ మొద్దు మీకంటే తెలివైనది.

అలాగే, మీరు ఫ్యాక్టరీ దయ ఉంటేనే మా గుమ్మం తొక్కుతారు. 2022లో రష్యా మీద ఆంక్షలు పడ్డాక యూరప్‌లో మీ రేటు రెట్టింపు దాటింది. పెరట్లో గాలికి కూలిన చెట్టును చూస్తూ కూర్చుంటే అందులోంచి ఒక్క గుళికా రాలదు.

నీళ్ళ దగ్గర మీ పరువు మరీ సున్నితం. కాస్త తడి తగిలితే ఉబ్బి, విచ్చుకుని, మళ్ళీ పొట్టయిపోతారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. తమరి కేసులో బుద్ధీ, పుడకా రెండూ ఒకటే.

ఒక్క నిమిషం వేళాకోళం ఆపుతాను. పెద్ద ఎత్తున గదిలో నిల్వ చేస్తే మీరు కాలకుండానే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వదులుతారు. వాసన ఉండదు, రంగు ఉండదు. నిల్వ గదుల్లోకి దిగి మనుషులు చనిపోయారు. పది సంచులు కొనుక్కునే ఇంటికి ఇంత భయం అక్కర్లేదు గాని, గది నిండా పోయించుకునేవాళ్ళు గాలి ఆడే ఏర్పాటు లేకుండా, లోపలి గాలి పరీక్షించకుండా అందులో కాలు పెట్టకూడదు. ఇంట్లో ఏ పొయ్యి ఉన్నా ఈ వాయువును పసిగట్టే అలారం పెట్టుకోవాల్సిందే.

కట్టె భక్తులనూ వదలను. మంట చూస్తుంటే మనసు తేలికవుతుందంటారు. నిజమే, తలుపు లేని పాతకాలపు పొయ్యిలో వేడి కూడా అంతే తేలిగ్గా పొగగొట్టం ఎక్కి పోతుంది. రాత్రంతా కాలాలని గాలి బిగించేసి, తెల్లారేదాకా పొరుగువాళ్ళకు పొగ పెట్టేదీ వీళ్ళే. ఆ లెక్కన మీరు నిలకడగా, తక్కువ పొగతో కాలతారు, ఒప్పుకుంటాను.

చివరికి మా ఇంటి పంచాయితీని తేల్చింది యూనిట్లూ కాదు, శాతాలూ కాదు. గొడ్డలి ఎత్తాల్సిన మనిషి నడుం. పైగా పగలంతా ఇంట్లో పొయ్యి ఎగదోసే దిక్కు లేదు. కాబట్టి ఉద్యోగం మీకే ఇస్తున్నాం, ప్రొబేషన్ మీద. వారం వారం మీ కుండీలో బూడిద మేమే తీస్తాం. ఏడాదికోసారి మెకానిక్‌ను పిలుస్తాం. కరెంటు పోయినప్పుడు ఆదుకోవడానికి ఒక బ్యాటరీ కూడా పెడతాం. మీరు మాత్రం అర్ధరాత్రి డిస్‌ప్లే మీద ఏదో ఎర్రర్ నంబరు చూపించి చేతులు ఎత్తేయకూడదు.

ఇట్లు,
మీ కాబోయే యజమాని, లేదా సేవకుడు

తా.క. వెంటనే జవాబు రాయగలరు. కరెంటు ఉంటేనే లెండి.