ఆ చేతుల ఆటను తక్కువ చేయొద్దు

స్నేహితుల మధ్య సీక్రెట్ హ్యాండ్‌షేక్‌లు, అంటే ఇద్దరు తమకే ప్రత్యేకంగా అల్లుకునే చేతుల పలకరింపులు, వట్టి చిన్నపిల్లల సరదా అని కొందరు తీసిపారేయడం నాకు నచ్చలేదండీ. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైన్యంలోని నల్లజాతి సైనికులు ‘డ్యాప్’ అనే చేతుల పలకరింపు మొదలుపెట్టింది కాలక్షేపానికా? పిడికిలికి పిడికిలి తాకించి, వేళ్లు పెనవేసి, నీకు నేనున్నానని చెప్పుకోవడానికి. అందుకు కొందరికి శిక్షలు కూడా పడ్డాయి.

అమెరికాలోని షార్లట్ నగరంలో ఒక టీచరైతే తన తరగతిలో ఒక్కో పిల్లవాడికి ఒక్కో హ్యాండ్‌షేక్ పెట్టుకున్నారు. 2017లో ఆ వీడియో లోకమంతా చూసింది. ఒకడికి భుజం తట్టడం, ఇంకొకడికి చిన్న స్టెప్పు. ఎంత ఓపిక ఉండాలి! ఏ పిల్లవాడి తీరు ఏమిటో తెలియనిదే అది కుదరదు. పైగా ఆ హ్యాండ్‌షేక్ ఇద్దరూ కలిసి అల్లుకున్నది కాబట్టి, మూడోవాడు చూసి నేర్చుకున్నా అది వాళ్లిద్దరిదే.